అక్వేరియం మొక్కల పార్సిల్: నీళ్లు వద్దు, తడి చాలు

కవర్ నిండా నీళ్లు పోసి మొక్కను పంపేవాళ్లు ఇంకా ఉన్నారు. దారిలో చేపకు నీళ్లు కావాలి, మొక్కకు తడి చాలు. నీళ్లలో ఊగుతూ ఆకులు నలుగుతాయి, నలిగినచోట కుళ్లు మొదలై కవరంతా పాకుతుంది. బరువుకు తపాలా ఖర్చు అదనం. ఇక లీకైతే అట్టపెట్టె అడుగు ఊడినట్టే.

ముందు పసుపుబారిన, చిరిగిన ఆకులు కత్తిరించండి. ఆకు అడుగున జిగురుగా కనిపించే నత్త గుడ్లను వేలితో గీకేయండి. లీటరు నీళ్లకు చెంచాడు పటిక పొడి కలిపి, రెండు గంటలు నానబెట్టి కడిగితే నత్తలు చాలావరకు పోతాయి. గుడ్లన్నీ చస్తాయని మాత్రం నమ్మకండి.

న్యూస్‌పేపర్ తడిపి, చుక్క కారనంతగా పిండండి. అనూబియాస్, జావా ఫెర్న్ లాంటివాటికి వేళ్ల చుట్టూ చుడితే చాలు, ఆకులకు కవర్‌లోని తేమే సరిపోతుంది. కబోంబా, హైగ్రోఫిలా కాడలు ఐదారు కలిపి రబ్బర్ బ్యాండ్ వదులుగా వేయండి. బిగిస్తే ఆ చోటే కాడ మెత్తబడి తెగుతుంది. వాలిస్నేరియా ఆకును మడవకుండా చుట్టలా చుట్టాలి. నాచు మొక్కలకు (మాస్) కాగితమే వద్దు, కాస్త పిండి నేరుగా కవర్‌లో వేయండి. టిష్యూ వాడితే పీచుపీచై అందులో ఇరుక్కుంటుంది, ఏరలేక చావాలి.

ఒక్కో రకం ఒక్కో జిప్‌లాక్ కవర్‌లో, కొంచెం గాలి ఉంచి మూయండి, పైన పేరు రాయండి. పెట్టెకు లోపల అన్నివైపులా థర్మకోల్ పలకలు పెట్టి, సందుల్లో నలిపిన కాగితం కుక్కండి. ఊపి చూస్తే ఏదీ కదలకూడదు.

సోమవారం లేదా మంగళవారం పొద్దున బుక్ చేయండి. శనివారం ఇస్తే ఆదివారమంతా గోదాములో మగ్గుతుంది. చీకట్లో ఆహారం తయారుకాదు, వేడి పెరిగేకొద్దీ ఉన్న నిల్వ తొందరగా కరిగిపోతుంది. అందుకే వరంగల్, రామగుండం ఎండల్లో, ముఖ్యంగా రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, పంపకపోవడమే మేలు. తప్పదంటే జెల్ ఐస్ ప్యాక్‌ను నాలుగు పొరల కాగితంలో చుట్టి, ఆకులకు తగలకుండా పైన పెట్టండి. మూడు రోజుల దారికి అదేమీ ఆగదు.

అందుకున్నవాళ్లకు ముందే చెప్పండి: క్రిప్టోకొరైన్ ఆకులన్నీ కరిగిపోయినా వేళ్లు గట్టిగా ఉంటే పారేయొద్దు, కొన్ని వారాల్లో చిగురిస్తుంది. కత్తిరించిన ముక్కలను భద్రకాళి చెరువులోనో, ఇంటి పక్క కుంటలోనో వేయకుండా ఎండబెట్టండి. గుర్రపుడెక్కతో పడుతున్న బాధలు మనకు చాలు.