మియాటాకు 16 అంగుళాల అలాయ్‌లు: స్టీరింగ్ వణుకు ఇలా పోయింది

నా 2001 మాజ్దా మియాటా కారుకు 15 అంగుళాల చక్రాలు తీసి, 205/45 టైర్లతో 16 అంగుళాల అలాయ్‌లు (మిశ్రలోహ చక్రాలు) వేయించాను. గంటకు 60 మైళ్లు దాటితే చాలు, స్టీరింగ్ వణికేది. రెండుసార్లు బ్యాలెన్సింగ్, ఒకసారి అలైన్‌మెంట్, గాలి తగ్గించి పెంచడం: అన్నీ దండగే.

చివరికి చక్రం విప్పి కొలిచాను. కారు హబ్ (చక్రం తగిలించే ఇరుసు కొన) 54.1 మి.మీ., అలాయ్ మధ్య రంధ్రం 67.1. అంటే రంధ్రం వదులు. మొదట హబ్ మీది తుప్పును వైర్ బ్రష్‌తో గీకాను (నడుము విరిగింది ఇక్కడే). ఆ ఖాళీని పూడ్చే, ఆ కొలతల ప్లాస్టిక్ హబ్ రింగును అలాయ్ వెనుక నుంచి నొక్కి కూర్చోబెట్టాను. చక్రం గాల్లో ఉండగానే నట్లను ఎదురెదురుగా బిగించి, కారు దించాక టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే రెంచి) 110 న్యూటన్ మీటర్లకు తెచ్చాను. 50 మైళ్లు తిరిగాక మళ్లీ సరిచూశాను.

వణుకు లేదు. రింగు వల్లనా, తుప్పు పోవడం వల్లనా అంటే విడదీసి చెప్పలేను. రిమ్ము వంగి ఉంటే మాత్రం ఇది పనిచేయదు.