ఆటిజం ఉన్న పిల్లలు పళ్ల డాక్టరు దగ్గర ఎందుకు ఆగిపోతారు, ఏమి మార్చాలి

పళ్ల ఆసుపత్రి నుంచి పిల్లవాడు ఏడ్చి, తన్ని, నోరు తెరవకుండానే తిరిగొస్తే ఇంట్లో అందరూ ఒకటే అంటారు: "వీడు చూపించుకోనివ్వడు." దయచేసి అక్కడితో వదిలేయవద్దు. గొడవ ఏ క్షణంలో మొదలైందో గుర్తుచేసుకోండి. గుమ్మం దగ్గరా, కుర్చీ వెనక్కి వాలినప్పుడా, లైటు వేసినప్పుడా, చేతి తొడుగు పెదవికి తగిలినప్పుడా? ఒక్కో చోట కారణం వేరు, చేయవలసిన పని కూడా వేరు.

సమస్య: గుమ్మం దాటడు

ఉదయగిరి నుంచో వరికుంటపాడు నుంచో నెల్లూరు దాకా బస్సులో వచ్చి, కిక్కిరిసిన హాలులో టీవీ మోత మధ్య గంటల తరబడి కూర్చున్న పిల్లవాడికి డాక్టరును చూడకముందే ఓపిక అయిపోతుంది. దానికి తోడు లోపల ఏమి జరుగుతుందో వాడికి తెలియదు. తెలిసిందల్లా "అల్లరి చేస్తే సూది వేయిస్తా" అని మనం పెట్టిన భయమే. ఆ బెదిరింపు ఈ రోజు నుంచే మానేయాలి. బజారుకని చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్లడమూ మానాలి. ఒకసారి అలా చేస్తే తర్వాత నిజంగా బజారుకు బయలుదేరినా నమ్మరు.

ముందుగా ఫోను చేసి, జనం తక్కువగా ఉండే సమయం అడగండి. ఓపీ చీటీతో ఒకరు వరుసలో నిలబడితే, ఇంకొకరు పిల్లవాడితో బయట చెట్టు కిందో ఆటోలోనో ఉండవచ్చు. మొదటిసారి వైద్యం ఏమీ వద్దు. గది చూసి, కుర్చీలో కూర్చుని, లేచి వచ్చేయడమే పని. అప్పుడే గేటు, కుర్చీ, లైటు, మాస్కుతోనూ మాస్కు లేకుండానూ డాక్టరు ముఖం ఫోటోలు తీసుకోండి. తర్వాతి సారి వెళ్లే ముందు కొన్ని రోజుల పాటు వాటిని అదే వరుసలో చూపిస్తూ "మొదట ఇది, తర్వాత ఇది, ఆ తర్వాత ఇల్లు" అని చెప్పండి. మీ మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఉంటే అక్కడి టీచరుతో కలిసి ఇదే ఆటగా సాధన చేయించవచ్చు.

సమస్య: కుర్చీ ఎక్కగానే కేకలు

కూర్చున్నాక కుర్చీ కదిలి వెనక్కి వాలితే కొందరు పిల్లలకు కింద పడిపోతున్నట్టే ఉంటుంది. కుర్చీని ముందే వాల్చి ఉంచమని, ఆ తర్వాత పిల్లవాడిని ఎక్కించమని డాక్టరును అడగండి. మరీ చిన్నపిల్లలైతే కుర్చీతో పనే లేదు. తల్లి, డాక్టరు ఎదురెదురుగా మోకాళ్లు ఆనించి కూర్చుంటే, తల్లికి ముఖం కనబడేలా బిడ్డను పడుకోబెట్టి, తల డాక్టరు ఒడిలో ఉంచి చూడవచ్చు.

లైటు కళ్లలో పడితే ఇంట్లోని చలువ కళ్లద్దాలు చాలు. ఉమ్మి పీల్చే గొట్టం శబ్దానికి బెదిరితే చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టండి. చేతి తొడుగుల రబ్బరు వాసనకే వాంతి చేసుకునే పిల్లలూ ఉన్నారు, వేరే రకం తొడుగులు ఉన్నాయేమో అడగండి. ఎక్స్‌రే తీసేటప్పుడు కప్పే బరువైన ఆప్రాన్ ఒంటి మీద ఉంటే కొందరు నెమ్మదిస్తారు.

అన్నిటికంటే ముఖ్యం, ముందు చెప్పడం, తర్వాత చూపించడం, ఆ తర్వాతే చేయడం. నోరు చూసే చిన్న అద్దాన్ని ముందు వేలి గోటికి ఆనించి చూపాలి, ఆపైన నోట్లో. "పది లెక్కపెట్టేలోపు ఆపుతాను" అన్న డాక్టరు పదికి ఆపి తీరాలి. పని ఒక్క క్షణంలో అయిపోతుందనిపించినా సరే. పదకొండు దాకా లాగితే పిల్లవాడు ఆ మాటను ఇక నమ్మడు.

సమస్య: ఉన్నట్టుండి చెంప కొట్టుకుంటోంది, అన్నం తినదు, రాత్రి నిద్ర లేదు

"ఆటిజం ఎక్కువైంది" అనుకునే ముందు నోరు చూడండి. మాటలు రాని పాప పంటి నొప్పిని ఇలాగే చెబుతుంది. ఒకవైపే నమలడం, చల్లని నీళ్లు తోసేయడం, చొక్కా కాలరు కొరకడం, చొంగ ఎక్కువగా కారడం, దవడ మీద కొట్టుకోవడం, ఇవన్నీ ఆనవాళ్లే. నొప్పిని పెద్దగా బయటపెట్టని పిల్లలు కూడా ఉంటారు కాబట్టి ఏడవడం లేదని నిశ్చింతగా ఉండకూడదు. ఆరేళ్లప్పుడు, పన్నెండేళ్లప్పుడు వెనక దవడ పళ్లు వచ్చే సమయంలోనూ చిగుళ్లు సలుపుతాయి. చెంప వాచి జ్వరం కూడా ఉంటే మర్నాటి దాకా ఆగవద్దు, ఆ రోజే చూపించండి.

సమస్య: రోజూ తోముతున్నా పిప్పి పళ్లు

పెరుగన్నం బుగ్గన పెట్టుకుని చాలాసేపు మింగకపోవడం ఒక కారణం. తీపి సిరప్ మందులు ఇంకొకటి. మూడోది మనమే చేస్తున్నాం: చెప్పిన మాట వింటే చాక్లెట్, కుదురుగా కూర్చుంటే బిస్కెట్. బహుమతిగా స్టిక్కరో, ఊయలో, ఇష్టమైన బొమ్మో ఇవ్వండి. తిన్నాక, సిరప్ తాగాక నీళ్లు తాగించండి.

బ్రష్ పట్టుకోగానే నోరు బిగించే పిల్లలకు చాలాసార్లు పేస్టు ఘాటు, నురగ పడవు. రుచిలేని, నురగ రాని పేస్టు వాడి చూడండి. మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, ఆపైన బఠాణీ గింజంత పేస్టు చాలు. పిల్లవాడిని అద్దం ముందు నిలబెట్టి, మీరు వాడి వెనక నిలబడి, పెదవుల దగ్గర మొదలుపెట్టి నెమ్మదిగా లోపలికి వెళ్లండి.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు వాళ్లు ఫ్లోరైడ్ పేస్టు అంటేనే భయపడతారు. గోధుమరంగు మచ్చల పళ్లు చూసి పెరిగిన వాళ్ల భయం అది, అర్థం చేసుకోదగినదే. ఆ మచ్చలు పళ్లు చిగుళ్ల లోపల తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్లు తాగడం వల్ల వస్తాయి. పేస్టు కొద్దిగా వాడి, మింగకుండా చూసుకోవడం వేరే సంగతి. పిల్లవాడికి ఉమ్మడం రాకపోతే, మీరు తాగేది బోరు నీళ్లా, శుద్ధి చేసినవా అన్నది డాక్టరుకు చెప్పి, ఏ పేస్టు ఎంత వాడాలో అడగండి.

సమస్య: వైద్యం తప్పదు, కదలకుండా ఉండలేడు

నలుగురు కలిసి పట్టుకోవడం పరిష్కారం కాదు. ఆ ఒక్క రోజు పని జరగవచ్చు, తర్వాత ఏళ్ల తరబడి నోరు తెరవరు. పిప్పి ముదరకుండా ఆపే వెండి కలిసిన ఫ్లోరైడ్ మందు ఉంది. సూది, డ్రిల్లు లేకుండా పూత పూస్తారు. పూసిన పిప్పి భాగం నల్లబడుతుంది, అది ముందే తెలుసుకుని ఒప్పుకోండి. చాలా పళ్లు పాడైతే ఆసుపత్రిలో పూర్తి మత్తు ఇచ్చి ఒకేసారి చేయించడం గురించి అడగండి.

మొద్దుబారే సూది వేస్తే, స్పర్శ తిరిగి వచ్చేదాకా, అంటే రెండు మూడు గంటల పాటు పక్కనే ఉండండి. తెలియక పెదవి కొరికి పుండు చేసుకుంటారు.

ఖర్చు సంగతి: 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా కింద లక్ష రూపాయల వరకు రక్షణ ఉంటుంది. పళ్ల వైద్యానికి ఎంత వర్తిస్తుందో చేరేటప్పుడే అడిగి తెలుసుకోండి.

వెళ్లే ముందు ఒక కాగితం మీద రాయండి: ఎక్కడ ముట్టుకుంటే సహించడు, "వద్దు" అని ఎలా చెబుతాడు, ఏ పాట వింటే నెమ్మదిస్తాడు, ఏ మందులు వాడుతున్నాడు. పిల్లవాడు గదిలోకి రాకముందే దాన్ని డాక్టరు చేతికి ఇవ్వండి.