పారామోటర్ నేర్చుకోవడం ఎలా? ముందు వింగ్, ఆ తర్వాతే ఇంజన్

పారామోటర్ మీద మనసు పడ్డవాళ్ళు మొట్టమొదట అడిగేది ఒకటే: "ఏ ఇంజన్ కొనాలి?" దానికి జవాబు కిందే ఉంది, కానీ కాస్త ఆలస్యంగా వస్తుంది. కావాలనే అక్కడ పెట్టాను. ఇంజన్ మనల్ని ముందుకు తోస్తుంది, అంతే. గాలిలో నిలబెట్టేది తల మీద ఉన్న వింగ్. వింగ్ చేతికి అలవాటు కాకముందే వీపు మీద ఇంజన్ ఎక్కించుకుంటే, కాళ్ళు నేల మీద ఉండగానే ప్రమాదం మొదలవుతుంది.

పారాగ్లైడర్ వింగ్, వీపుకు తగిలించుకునే చిన్న ఇంజన్, దాని వెనక ప్రొపెల్లర్: ఈ మూడూ కలిస్తే పారామోటర్. ఉత్త పారాగ్లైడర్‌కి సాధారణంగా కొండవాలు కావాలి. పారామోటర్‌తో చదునైన మైదానంలో పరిగెత్తి లేవచ్చు. వింగ్‌కి గట్టి చట్రమంటూ ఉండదు. ముందు అంచున ఉన్న రంధ్రాల్లోంచి గాలి లోపలి గదుల్లోకి దూరి, ఆ ఒత్తిడితోనే బట్ట రెక్కలా బిగుస్తుంది. అందుకే వింగ్ గాలిలోకి దూసుకుపోతూనే ఉండాలి. ఆ కదలిక పోతే అది వట్టి బట్ట.

మామూలు వింగ్ గంటకు 35 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. ఇంజన్ గంటకు మూడు నుంచి ఐదు లీటర్ల పెట్రోలు తాగుతుంది. ఈ నెమ్మది వేగమే దీని అందమని నా నమ్మకం. 2016లో సాషా డెంచ్ అనే ఆమె రష్యా ఉత్తరపు అంచు నుంచి బ్రిటన్ దాకా, వలస వెళ్ళే బ్యూయిక్ హంసల దారి వెంట పారామోటర్ మీదే ప్రయాణం చేసింది. పక్షుల వేగంతో పక్షుల దారిలో వెళ్ళడానికి ఇంతకంటే సరిపడే వాహనం నాకు తోచదు.

గాలిలో ఇంజన్ ఆగిపోతే పడిపోతామా అని ఇంట్లోవాళ్ళు తప్పకుండా అడుగుతారు. పడిపోం. వింగ్ గ్లైడ్ అవుతూ దిగుతుంది. వీపున ఇంజన్ బరువుతో కూడా, ఒక మీటరు కిందికి దిగేలోపు సుమారు ఐదు మీటర్లు ముందుకు వెళ్తుంది. 150 మీటర్ల ఎత్తులో ఇంజన్ ఆగితే దిగే చోటు చూసుకోవడానికి నిమిషానికి పైగానే సమయం ఉంటుంది. కానీ కింద దిగే చోటంటూ ఒకటి ఉండాలి. ఈ సంగతి మళ్ళీ వస్తుంది.

మొదటి మెట్టు: గురువును వెతుక్కోండి

వీడియోలు చూసి సొంతంగా నేర్చుకోవద్దు. గాలి ఎటు తిరుగుతోందో, వింగ్ ఎందుకు పక్కకు వాలుతోందో మనకు అర్థమయ్యేలోపు పక్కన ఉన్న మనిషికి అర్థమవుతుంది. ఆ రెండు క్షణాల కోసమే శిక్షకుడు కావాలి.

వీలైతే ముందు శిక్షకుడితో కలిసి ఒకసారి టాండెమ్‌లో ఎగరండి. ఎత్తు, శబ్దం, గాలి మనకు పడతాయో లేదో అక్కడే తెలిసిపోతుంది. తర్వాత స్కూల్ ఎంచుకునేటప్పుడు ఇవి అడగండి: మొదటి రోజులు నేల మీద వింగ్‌తో సాధన చేయిస్తారా? మొదటి ఫ్లైట్లలో హెల్మెట్‌లో రేడియో ఉంటుందా? వాతావరణం బాగా లేకపోతే తరగతిని ఇంకో రోజుకు మారుస్తారా? మొదటి రోజే ఇంజన్ కొనమని తొందరపెట్టే చోట నేర్చుకోకండి. శిక్షణకు వారం నుంచి రెండు వారాలు కేటాయించుకుంటే మంచిది. గాలి సహకరించని రోజులు కూడా అందులో కలిసిపోతాయి.

శరీరం సంగతి కూడా చూసుకోండి. వీపున 25, 30 కిలోలతో పరిగెత్తాలి. మోకాళ్ళు, నడుము బాగా లేనివాళ్ళు చక్రాల బండి ఉన్న ట్రైక్ రకం నేర్చుకోవచ్చు.

రెండో మెట్టు: నేల మీద వింగ్‌తో స్నేహం

దీన్ని గ్రౌండ్ హ్యాండ్లింగ్ అంటారు. ఇంజన్ ఉండదు. హార్నెస్ (మనిషిని వింగ్‌కి కట్టి ఉంచే పట్టీల సీటు), హెల్మెట్, చేతి తొడుగులు, వింగ్ ఉంటే చాలు. గంటకు 10 నుంచి 15 కిలోమీటర్ల నిలకడైన గాలి వీస్తున్న రోజున ఖాళీ మైదానంలో వింగ్ పరిచి, దానికి ఎదురుగా నిలబడాలి. ముందు వరస తాళ్ళను పట్టుకున్న పట్టీలను ఎ రైజర్లు అంటారు. వాటిని మెల్లగా ఎత్తితే వింగ్ గాలి నింపుకుని పైకి లేస్తుంది. తల మీదికి రాగానే బ్రేకులతో, అంటే వింగ్ వెనక అంచును కిందికి లాగే తాళ్ళతో, కొద్దిగా ఆపాలి, లేకపోతే ముందుకు దూకేస్తుంది. అది ఎడమకు వాలితే మనం కూడా దాని కిందికే, ఎడమకే నడవాలి. మొదట్లో అందరూ చేసే పొరపాటు దాన్ని చేతులతో లాగి సరిచేయాలని చూడడం. చేతుల కంటే కాళ్ళే ఎక్కువ సరిచేస్తాయి.

పదిహేను నిమిషాల్లో చెమట పడుతుంది. విసుగూ వస్తుంది. అయినా వదలకండి. ఇంజన్ ముట్టుకోకముందు కనీసం పది గంటలు ఇలా గడపాలని నా అభిప్రాయం. కళ్ళు మూసుకున్నా వింగ్ ఎక్కడుందో నడుము దగ్గర పట్టీల లాగుడుతో తెలిసే రోజు ఒకటి వస్తుంది. తర్వాత నేర్చుకునేవన్నీ ఆ రోజు నుంచి సులువవుతాయి.

గాలి ఒక్కసారిగా పెరిగి వింగ్ మనల్ని ఈడ్చుకుపోతుంటే, వెనక వరస రైజర్లను గట్టిగా లాగాలి. లేదా ఒక బ్రేకు తాడును చేతికి చుట్టుకుంటూ లాగి వింగ్‌ని కూలదోయాలి. ఎదురు లాగితే ఇంకా ఈడుస్తుంది. వింగ్ వైపు పరిగెత్తితే బలం తగ్గుతుంది. ఇది మొదటి రోజే నేర్చుకోవాలి.

మూడో మెట్టు: సామాను

ముందు వింగ్. ప్రతి వింగ్ మీదా అది మోయగల బరువు హద్దులు రాసి ఉంటాయి. మీ ఒంటి బరువు, ఇంజన్, పెట్రోలు, హెల్మెట్, బూట్లు అన్నీ కలిపిన మొత్తం ఆ హద్దుల మధ్య ఉండాలి. యూరప్ ప్రమాణాల్లో వింగ్‌లను ఎ నుంచి డి దాకా వర్గాలు చేస్తారు. కొత్తవాళ్ళకు ఎ, లేదా మెత్తగా ప్రవర్తించే బి సరిపోతుంది. వేగం కోసం చేసిన రిఫ్లెక్స్ వింగ్‌ల జోలికి తొందరపడి వెళ్ళకండి. పాతది కొంటే బట్ట గాలిని ఎంత వదులుతోందో, తాళ్ళ బలం ఎంత మిగిలిందో పరీక్ష చేయించి ఆ కాగితం చూసి కొనండి. ఎండకు నైలాన్ బట్ట బలం పోతుంది. రంగు బాగుందని మోసపోవద్దు.

ఇప్పుడు ఇంజన్. ఎక్కువగా వాడేవి టూ స్ట్రోక్‌వి, సుమారు 80 నుంచి 200 సీసీ మధ్య ఉంటాయి. మన బరువును ఎత్తగలిగేంత తోపు ఉంటే చాలు. అంతకంటే బలమైనది కొంటే రెండు నష్టాలు: బరువు పెరుగుతుంది, పూర్తి థ్రాటిల్ (ఇంజన్ వేగం పెంచే చేతి మీట) ఇచ్చినప్పుడు ప్రొపెల్లర్ తిరిగే దిశకు వ్యతిరేకంగా శరీరం మెలి తిరిగిపోతుంది. ఈ మెలి వల్లనే కొత్తవాళ్ళు తమకు తెలియకుండా ఒక పక్కకు తిరిగిపోతారు. నా సలహా: ఎక్కువ శక్తి కంటే, మీకు దగ్గరలో విడిభాగాలు దొరికే ఇంజన్, కొత్తవాళ్ళ చెయ్యి పొరపాటున వెనక్కి వెళ్ళినా ప్రొపెల్లర్‌కి తగలనివ్వని దృఢమైన కేజ్ చూసుకోండి.

రిజర్వ్ పారాచూట్ తప్పనిసరి అనుకోండి. దాన్ని ఏటా విప్పి తిరిగి మడత పెట్టించాలి. హెల్మెట్‌తో పాటు చెవుల రక్షణ, చీలమండ దాకా వచ్చే బూట్లు, తాళ్ళు కోసే హుక్ కత్తి కూడా ఉండాలి. నీళ్ళ దగ్గర ఎగిరేవాళ్ళయితే నీళ్ళలో పడగానే తనంతట తాను ఉబ్బే ఫ్లోటేషన్ బ్యాగులు కొనండి. ఇది ఖర్చు అనిపించవచ్చు. పారామోటర్ ప్రమాదాల్లో నీళ్ళలో మునిగిపోవడం పెద్ద కారణాల్లో ఒకటి. పట్టీలతో ఇంజన్‌కి కట్టేసి ఉన్న మనిషికి ఈత వచ్చినా బయటికి రావడం కష్టం.

పెట్రోలులో ఇంజన్ తయారీదారు చెప్పిన పాళ్ళలో టూ స్ట్రోక్ ఆయిల్ కలపాలి, సాధారణంగా 2 నుంచి 2.5 శాతం. ఆయిల్ కలిపిన డబ్బాకు చీటీ అంటించండి. మరిచిపోయి ఉత్త పెట్రోలు పోస్తే ఇంజన్ పట్టేస్తుంది.

ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు

చేతులకు పెద్ద గాయాలయ్యేది చాలాసార్లు గాలిలో కాదు, నేల మీద స్టార్ట్ చేసేటప్పుడే. థ్రాటిల్ తీగ ఇరుక్కుని ఉంటే, స్టార్ట్ కాగానే ఇంజన్ పూర్తి వేగంతో లేచి మీద పడుతుంది. అందుకే స్టార్ట్ చేయడానికి ముందు థ్రాటిల్ నొక్కి వదిలి, అది పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో చూడాలి. ఇంజన్‌ని ఆపే కిల్ స్విచ్ పని చేస్తోందో చూడాలి. వీలైనంతవరకు ఇంజన్‌ని వీపున కట్టుకున్నాకే స్టార్ట్ చేయండి. వెనకా పక్కలా ఎవరూ లేరని చూసి, గట్టిగా అరిచి చెప్పండి. ప్రొపెల్లర్ మీద చిన్న చీలిక కనిపించినా ఆ రోజు ఎగరకండి. కంపనం వల్ల నట్లు వదులవుతాయి కాబట్టి, ఎగ్జాస్ట్ దగ్గర నట్లనూ స్ప్రింగులనూ ప్రతి ఫ్లైట్‌కి ముందు చేత్తో తాకి చూడడం అలవాటు చేసుకోండి.

గాలి, స్థలం

సూర్యోదయం తర్వాత గంటన్నర, సూర్యాస్తమయానికి ముందు రెండు గంటలు. కొత్తవాళ్ళకు ఇంతే. మధ్యాహ్నం ఎండకు నేల వేడెక్కి గాలి స్తంభాలుగా పైకి లేస్తుంది. వాటి అంచుల్లో వింగ్ ఒక వైపు ముడుచుకుపోవచ్చు. గాలి గంటకు 10, 12 కిలోమీటర్లు దాటితే మొదటి ఇరవై గంటల అనుభవం వరకూ దిగి కూర్చోవడమే మేలు.

నేల మీద గాలి లేదంటే పైన కూడా లేదని కాదు. ఒక ఉదయం ఆకు కూడా కదలడం లేదు. లేచి వంద మీటర్లు వెళ్ళేసరికి, కింద ఉన్న చెట్టు నన్ను దాటకుండా అక్కడే నిలబడిపోయింది. పైన గాలి నా వింగ్ వేగంతో సమానంగా ఎదురొస్తోంది. ఎత్తు తగ్గించి, లేచిన మైదానంలోనే దిగాను. అప్పటి నుంచి ఎంత ప్రశాంతంగా ఉన్నా ముందు గాలికి ఎదురుగా వెళ్తాను. అలా వెళ్తే తిరిగి రావడానికి గాలి తోడు ఉంటుంది. ఉరుములతో కూడిన మబ్బు దూరంగా కనిపించినా ఎగరకండి. దాని నుంచి వచ్చే ఈదురుగాలి చాలా కిలోమీటర్ల ముందే మనల్ని చేరుతుంది.

స్థలం చూసేటప్పుడు గాలి దిశలో కనీసం 200 మీటర్ల ఖాళీ ఉండేలా చూడండి. గడ్డి పొట్టిగా ఉండాలి, రాళ్ళూ ముళ్ళూ ఉండకూడదు. చెట్లకూ ఇళ్ళకూ గాలి వాలున, అంటే వాటి వెనక భాగాన ఎప్పుడూ నిలబడకండి. అక్కడ గాలి సుడి తిరుగుతుంది, ఆ సుడి అడ్డంకి ఎత్తుకు ఎన్నో రెట్ల దూరం దాకా ఉంటుంది. కరెంటు తీగలు పైనుంచి కనిపించవు. తీగలు వెతక్కండి, స్తంభాలు వెతకండి. రెండు స్తంభాలు కనిపిస్తే మధ్యలో తీగ ఉన్నట్టే.

బీచ్‌లు, ఎండిన సరస్సుల అడుగులు, విశాలమైన గడ్డి మైదానాలు పారామోటర్లకు అనువైనవి. అమెరికాలోని కాలిఫోర్నియాలో సాల్టన్ సరస్సు పక్కన పైలట్లు గుంపుగా చేరి ఎగిరేది ఇలాంటి విశాలత కోసమే. బీచ్ గాలి నునుపుగా ఉంటుంది, కానీ కింద నీళ్ళున్నాయన్నది మరవకూడదు. ఇంజన్ ఆగినా ఒడ్డు చేరేంత ఎత్తులో ఉండండి.

భూమి యజమాని అనుమతి తీసుకోండి. విమానాశ్రయాల చుట్టూ ఉండే ఆకాశం పటం చూడండి. నియమాలు దేశాన్ని బట్టి మారతాయి. అమెరికాలో అక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏ వారి పార్ట్ 103 నియమం కింద లైసెన్స్ అక్కర్లేదు, కానీ ఖాళీ బరువు 254 పౌండ్లు, పెట్రోలు 5 గ్యాలన్లు దాటకూడదు, జనం గుంపుగా ఉండే చోట్ల మీదుగా ఎగరకూడదు. ఫ్రాన్స్‌లో, జర్మనీలో లైసెన్స్ కావాలి. మీ దేశపు విమానయాన సంస్థ నియమం చదవకుండా మైదానానికి వెళ్ళకండి.

మొదటి ఫ్లైట్

పట్టీలు బిగించేటప్పుడు ముందు కాళ్ళ పట్టీలు, తర్వాతే మిగతావి. కాళ్ళ పట్టీలు మరిచి లేచినవాళ్ళు గాలిలో హార్నెస్‌లోంచి జారిపోయిన సంఘటనలు ఉన్నాయి. ఆ తర్వాత కారబైనర్లు (వింగ్‌ని హార్నెస్‌కి తగిలించే కొక్కేలు), రిజర్వ్ పారాచూట్ పిన్, హెల్మెట్, థ్రాటిల్, గాలి, ఆకాశం. ఇదే వరసలో ప్రతిసారీ పైకి చెప్పుకుంటూ చూడండి.

వింగ్ తల మీదికి వచ్చాక థ్రాటిల్ మెల్లగా పెంచుతూ పరిగెత్తాలి. నేల వదిలినట్టు అనిపించగానే సీట్లోకి కూర్చోవాలని శరీరం అంటుంది. కూర్చోకండి. కాళ్ళు గాలిలో పరిగెడుతూనే ఉండాలి. తొందరపడి కూర్చున్నవాళ్ళే ఎక్కువగా కేజ్ మీద పడతారు. నేరుగా వంద మీటర్ల ఎత్తు దాకా ఎక్కాకే తిరగండి. వింగ్ ముందుకూ వెనక్కూ ఊగడం మొదలైతే థ్రాటిల్ తగ్గించి, చేతులు పైకి వదలండి. వింగ్ తనంతట తాను కుదురుకుంటుంది.

దిగేటప్పుడు గాలికి ఎదురుగా, ఇంజన్ ఆపేసి రండి. చేతులు పైకి పెట్టి వేగం నిలుపుకోండి. నేలకు మీటరు, రెండు మీటర్లు ఉన్నప్పుడు రెండు బ్రేకులూ నడుము దాకా లాగితే వింగ్ ఆగి, మనల్ని నిలబెడుతుంది. రెండడుగులు పరిగెత్తి, వెంటనే వెనక్కి తిరిగి వింగ్‌ని ఇంజన్ మీద పడకుండా చూసుకోండి. ఎగ్జాస్ట్ వేడికి బట్ట కరిగిపోతుంది.

వింగ్ తడిగా ఉంటే ఆరబెట్టి మడవండి. ఎండలో మూసి ఉన్న కారు డిక్కీలో వదిలేయకండి. గంటలు, గాలి వేగం, జరిగిన పొరపాటు ఒక పుస్తకంలో రాసుకోండి. పదో ఫ్లైట్ తర్వాత ఆ పుస్తకాన్ని శిక్షకుడికి చూపించి, ఏ పొరపాటు రెండోసారి రాశారో ఇద్దరూ కలిసి వెతకండి.