లేబుల్ వేయించే ముందు డాలీని తలుచుకోండి

చుపా చుప్స్ లాలీపాప్ లోగో గీసింది సాల్వడార్ డాలీ, 1969లో. పసుపు పచ్చని పువ్వు, మధ్యలో ఎర్రటి అక్షరాలు. కలల్లాంటి వింత బొమ్మలు గీసే అంత పెద్ద సర్రియలిస్ట్ చిత్రకారుడు మిఠాయి కాగితం మీద బొమ్మ వేయడమే విచిత్రం. అంతకంటే తెలివైన పని, లోగోని పక్కన కాకుండా నెత్తి మీద పెట్టమనడం. పక్కనైతే కాగితం మడతల్లో పేరు నలిగిపోతుంది. పైనైతే ఎప్పుడూ పూర్తిగా కనిపిస్తుంది.

ఇంట్లో పచ్చళ్లు, పొడులు చేసి అమ్మేవాళ్లు లేబుల్ ప్రింట్‌కి ఇచ్చే ముందు ఇదే చూసుకోండి. గుండ్రటి సీసాకి ఎదురుగా నిలబడితే చుట్టుకొలతలో ఇంచుమించు మూడో వంతే సరిగ్గా చదవగలం. "గోంగూర పచ్చడి" అన్న పేరు అంతలోనే ఇమడాలి. మామూలు కాగితం మీద ప్రింట్ తీసి, సీసాకి చుట్టి, ఆరడుగుల దూరం నుంచి ఫోటో తీయండి. దాన్ని ఫోన్‌లోనే బ్లాక్ అండ్ వైట్‌కి మార్చండి. ఆకుపచ్చ మీద ఎర్రటి అక్షరాలు కంప్యూటర్లో భలే ఉంటాయి కానీ, ఇక్కడ చాలాసార్లు రెండూ ఒకే బూడిద రంగై పేరు మాయమైపోతుంది. అలా అయితే అక్షరాలకి తెలుపో లేత పసుపో వేయించండి. మూత మీద కూడా చిన్న స్టిక్కర్ అంటించండి, అట్టపెట్టెలో సర్దిన సీసాల్లో కనిపించేవి మూతలే కదా.