పాత వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్ సతాయిస్తుందా? ముందు ఛార్జర్, తరువాత ఫ్యాన్, ఆ తరువాతే పర్సు

నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, మహబూబ్‌నగర్‌లలో పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియోకు వెళ్లినా, ఇంటి ప్లాన్లు గీసే సివిల్ ఇంజినీరు ఆఫీసుకు వెళ్లినా బల్ల మీద ఒక రకం ల్యాప్‌టాప్ తరచూ కనిపిస్తుంది. డెల్ ప్రెసిషన్ ఎం4800, థింక్‌ప్యాడ్ డబ్ల్యూ530, హెచ్‌పీ జడ్‌బుక్ 15 వంటివి. 2012, 2013లో వచ్చిన యంత్రాలు. ఏదో పెద్ద కంపెనీలో సేవ ముగించుకుని, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ మీదుగా మన ఊళ్లకు చేరతాయి. మూడు కిలోలకు దగ్గర బరువు ఉన్నా నాలుగు కోర్ల ప్రాసెసర్, నాలుగు ర్యామ్ స్లాట్లు, విప్పి మార్చుకోగల భాగాలు ఉంటాయి. ఈ ధరలో ఇంత గట్టి సరుకు కొత్తదాంట్లో దొరకదు.

చిక్కల్లా ఒకటే. నెమ్మదించిన వెంటనే మనవాళ్లు కొత్త భాగాల మీద డబ్బు పెడతారు. నా దగ్గరకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం కరెంటు దగ్గరో వేడి దగ్గరో తేలిపోతాయి. అందుకే కింది వరుస కూడా అలాగే పెట్టాను.

ఎస్ఎస్‌డీ వేసినా, ర్యామ్ పెంచినా నత్తనడకే

"అన్నా, ఉన్నవన్నీ మార్చేశాను, ఫొటోషాప్ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు" అని ఎవరైనా అంటే ముందు టాస్క్ మేనేజర్ తెరిపిస్తాను. పర్ఫార్మెన్స్ పేజీలో సీపీయూ వేగం ఎంతో చూడండి. పని ఎంత ఇచ్చినా అది 0.8 గిగాహెర్ట్జ్ దగ్గరే మేకు కొట్టినట్టు ఆగిపోయిందా? ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపితే హుషారు వచ్చిందా? అయితే తప్పు ఛార్జర్‌ది.

ఎం4800కు 180 వాట్ల ఛార్జర్ కావాలి, పెద్దన్న ఎం6800కు 240 వాట్లు. డబ్ల్యూ530కు అందులోని గ్రాఫిక్స్‌ను బట్టి 135 లేదా 170. సెకండ్ హ్యాండ్ అంగడిలో ఇంట్లో వాడే చిన్న ల్యాప్‌టాప్ ఛార్జర్‌ను అంటగట్టేస్తారు. డెల్‌లో ఆ పాత లావు పిన్ను 65 వాట్ల దానికీ 240 వాట్ల దానికీ ఒకటే కొలత కాబట్టి చక్కగా దూరుతుంది, లైటు కూడా వెలుగుతుంది. కానీ యంత్రం దాన్ని గుర్తుపట్టి, ఉన్న కరెంటుకు సరిపోయేలా తన వేగాన్ని తానే కోసుకుంటుంది.

వాట్లు సరిగానే ఉన్నా ఇదే లక్షణం వస్తే పిన్ను మొనను వెలుతురులో పట్టుకుని లోపలికి చూడండి. గొట్టం మధ్యలో సూది లాంటి సన్నని పిన్ను ఒకటి ఉంటుంది. కరెంటు దాని గుండా రాదు. 'నేను ఇన్ని వాట్ల ఛార్జర్‌ను' అని ల్యాప్‌టాప్‌కు చెప్పే తీగ అది. అది వంగినా, విరిగినా, లేదా చౌక ఛార్జర్‌లో ఆ గుర్తింపు చిప్పే లేకపోయినా బ్యాటరీ ఎక్కదు, ప్రాసెసర్ పరుగు తీయదు. డెల్ ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) వెళ్తే బ్యాటరీ సమాచారం ఉన్న చోట ఛార్జర్ ఎన్ని వాట్లదో రాసి ఉంటుంది. అక్కడ తెలియదని చూపిస్తే రోగం దొరికినట్టే. వంగిన సూదిని పట్టకారుతో మెల్లగా నిటారు చేయవచ్చు. విరిగితే ఛార్జర్ మార్చాల్సిందే. ఛార్జర్ మంచిదై ఉండి ల్యాప్‌టాప్ వైపు జాక్ వదులైతే ఆ జాక్ చాలా మోడళ్లలో వైరుతో సహా విడిగా దొరుకుతుంది. మదర్‌బోర్డు మీద టంకం పని ఉండదు. ఎం4800కు 240 వాట్ల అసలు ఛార్జర్ పెట్టినా ఇబ్బంది లేదు. వోల్టేజీ రెండింటికీ 19.5 వోల్టులే. ఎన్ని ఆంపియర్లు కావాలో ల్యాప్‌టాపే లాక్కుంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. థ్రాటిల్‌స్టాప్ అనే సాఫ్ట్‌వేర్‌లో 'బీడీ ప్రోక్‌హాట్' ముందున్న టిక్కు తీసేస్తే వేగం తిరిగి వస్తుందని యూట్యూబ్‌లో చెబుతారు. వస్తుంది, నిజమే. ఆ టిక్కు ప్రాసెసర్‌కు చెవి. బోర్డు మీది మిగతా భాగాలు 'ఆగు, నేను తట్టుకోలేను' అని చెప్పేది దాని ద్వారానే. చెవులు మూసుకుని 90 వాట్ల ఛార్జర్ మీద వీడియో రెండరింగ్ పెడితే ఛార్జర్ కాలుతుంది, ఒక్కోసారి దాంతోపాటు బోర్డూ పోతుంది. రోగం ఎక్కడుందో పరీక్షించడానికి ఒకసారి తీసి చూడండి, అంతవరకే.

మొదట వేగంగా ఉండి కాసేపటికి కుంటుతుంది, ఫ్యాన్ మోత, ఒక్కోసారి ఆగిపోతుంది

ఇది వేడి. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో బయట 44, 45 డిగ్రీలు ఉన్నప్పుడు రేకుల కప్పు కింద నడిచే స్టూడియోలో గది గాలే వేడిగా ఉంటుంది. ఎం4800, జడ్‌బుక్ 15లలో ఉండే నాలుగో తరం ఇంటెల్ ఎంక్యూ ప్రాసెసర్ 47 వాట్ల వేడి పుట్టిస్తుంది, టర్బోలో (కాసేపు తన మామూలు వేగాన్ని మించి పరుగెత్తేటప్పుడు) అంతకు మించి కూడా. 100 డిగ్రీలు తాకగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. డబ్ల్యూ530లోని మూడో తరంలో ఆ గీత 105 దగ్గర ఉంటుంది. ఉష్ణోగ్రతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని పని చేస్తూ పది నిమిషాలు గమనించండి. ఉష్ణోగ్రత 95 దాటి, పక్కన థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి వేగం తగ్గించుకోవడం) ఎదురుగా 'యెస్' కనిపిస్తే విప్పాల్సిన సమయం వచ్చిందని అర్థం.

చాలామంది బయటి నుంచే బ్లోయర్ కొట్టి 'క్లీన్ చేశాను' అంటారు. దుమ్ము కూర్చునేది మీకు కనిపించే జాలీలో కాదు. ఫ్యాన్‌కూ రాగి రేకుల దొంతరకూ మధ్య సందులో పేరుకుంటుంది. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల పక్కనుంచి వచ్చిన యంత్రాన్ని విప్పితే ఆ సందులో తవుడు, ఊక నూగు, వెంట్రుకలు కలిసి కంబళి ముక్కలా గట్టిపడి ఉంటాయి. వేలితో పట్టి లాగితే ఒకే పొరగా ఊడి వస్తుంది. దాని వెనుక రేకులు కొత్తవాటిలా మెరుస్తుంటాయి, ఎందుకంటే గాలి అక్కడిదాకా పోనేలేదు. బయటి నుంచి ఎంత ఊదినా ఆ పొర ఇంకాస్త బిగుసుకుంటుంది తప్ప కదలదు. ఫ్యాన్ మూత విప్పి, పొర తీసి, మెత్తటి కుంచెతో తుడవాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ దగ్గరకు మాత్రం తీసుకెళ్లకండి. దాని గాలిలో నీటి తుంపర్లు ఉంటాయి.

హీట్ సింక్ తీశాక పాత పేస్టు సున్నంలా ఎండిపోయి కనిపిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బియ్యపు గింజ కంటే కాస్త ఎక్కువ పేస్టు చాలు. ఎక్కువ పూస్తే చల్లదనం పెరగదు. స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు ఉంటాయి. ఆ వరుసలోనే, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా బిగించాలి. గ్రాఫిక్స్ మెమరీ చిప్పుల మీద మెత్తటి ప్యాడ్లు ఉంటాయి. అవి చిరిగితే అదే మందం ప్యాడ్ వెయ్యాలి. వాటి బదులు పేస్టు దట్టంగా పూసే మెకానిక్‌లు ఉన్నారు. అక్కడ సందు ఎక్కువ, పేస్టు దాన్ని నింపలేదు. కొన్ని నెలలకు తెర మీద గీతలు మొదలవుతాయి.

ఇంత చేసినా ఎండాకాలంలో చాలకపోతే రెండు దారులు. నాలుగో తరం యంత్రమైతే థ్రాటిల్‌స్టాప్‌లో వోల్టేజీ తగ్గించవచ్చు. కోర్‌కూ క్యాష్‌కూ (ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ) సమానంగా మైనస్ 50 మిల్లీవోల్టులతో మొదలుపెట్టి, పది పదిగా దించుతూ పోండి. ల్యాప్‌టాప్ నీలి తెర చూపి ఆగిపోతే ఒక మెట్టు వెనక్కి రండి. నిలకడగా ఉందని తేలేవరకు విండోస్‌తో పాటు దానంతటదే మొదలయ్యేలా పెట్టకండి. మూడో తరం డబ్ల్యూ530, ఎం4700లలో ఈ సదుపాయం లేదు. వాటికి రెండో దారి ఉంది. పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99 శాతానికి దించండి. ఒక్క శాతమే కదా అనుకోవద్దు, దాంతో టర్బో పూర్తిగా ఆగుతుంది. ఐ7-4800ఎంక్యూ 3.7 దాకా ఎగబాకడం మాని 2.7 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, వేడి గణనీయంగా తగ్గుతుంది. 3.7కు ఎగిరి 1.2కు పడిపోతూ ఊగిసలాడే యంత్రం కంటే 2.7 దగ్గర స్థిరంగా నడిచేదే ఆల్బమ్‌ను ముందుగా పూర్తి చేస్తుంది.

కొత్త ర్యామ్ వేశాక తెర నల్లగా ఉంది

వెంటనే పీకేయకండి. ర్యామ్ మార్చాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని యంత్రాలు కాసేపు తెర చూపవు. ఒకటి రెండు నిమిషాలు చూసి, అప్పటికీ కాకపోతే ర్యామ్ స్టిక్కర్ చదవండి. పీసీ3-12800 అని ఉందా, పీసీ3ఎల్-12800 అని ఉందా? ఆ ఒక్క 'ఎల్' మీదే అంతా ఉంది. మూడో తరం యంత్రం 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 తీసుకుంటుంది. నాలుగో తరానికి 1.35 వోల్టుల 'ఎల్' రకమే కావాలి. రెండు తరాల్లోనూ ఒక్కో స్లాట్‌లో 8 జీబీకి మించదు, మొత్తం 32. 16 జీబీ డీడీఆర్3 కడ్డీ చౌకగా దొరికిందని కొంటే అది ఇందులో పనికిరాదు.

వెనుక మూత తీస్తే రెండు స్లాట్లే కనిపిస్తే కంగారు పడకండి, మిగతా రెండు కీబోర్డు కింద ఉంటాయి. ప్రాసెసర్ రెండు కోర్లదైతే నాలుగు స్లాట్లూ పనిచేయకపోవచ్చు. ఎం4800లో సంగతి ఇదే.

ఎస్ఎస్‌డీ వేశాను, సగం వేగమే వస్తోంది

దాన్ని ఎక్కడ బిగించారన్నది ముఖ్యం. డబ్ల్యూ530లోని ఎంసాటా స్లాట్ (చిన్న కార్డు ఆకారపు ఎస్ఎస్‌డీ పెట్టేది) సాటా 2 అనే పాత, నెమ్మది రకం కనెక్షన్ మాత్రమే, అంటే సెకనుకు 270, 280 మెగాబైట్ల దగ్గరే ఆగుతుంది. అదే ఎస్ఎస్‌డీని 2.5 అంగుళాల రకంలో హార్డ్ డిస్క్ స్థానంలో పెడితే 500 దాటుతుంది. విండోస్ ఉన్న డిస్క్‌ను పెద్ద బేలో, ఫొటోల నిల్వను చిన్న స్లాట్‌లో పెట్టుకోండి. ఎంసాటా, ఎం.2 వేర్వేరు ఆకారాలు. కొనేముందు ఫొటో పక్కన పెట్టి పోల్చి చూడండి.

బయోస్‌లో డిస్క్ పద్ధతిని రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి మార్చగానే విండోస్ నీలి తెర చూపిస్తుందా? మళ్లీ రెయిడ్‌కు మార్చి విండోస్‌లోకి వెళ్లండి. ఎంఎస్‌కాన్ఫిగ్ అనే విండోస్ సెట్టింగుల ప్రోగ్రామ్‌లో సేఫ్ బూట్ ఎంచుకుని, రీస్టార్ట్ అవుతుండగా బయోస్‌లో ఏహెచ్‌సీఐ పెట్టండి. సేఫ్ మోడ్‌లో ఒకసారి తెరుచుకున్నాక ఆ టిక్కు తీసేస్తే సరి. విండోస్ మళ్లీ ఎక్కించాల్సిన పని లేదు.

ఐ7-4910ఎంక్యూ ప్రాసెసర్ వేస్తే దూసుకుపోతుందా?

ఇప్పుడున్నది రెండు కోర్ల ఐ5 అయితే మార్చండి, తేడా కళ్లకు కనిపిస్తుంది. ఉన్నది ఇప్పటికే 4800ఎంక్యూ అయితే 4910 ఇచ్చేది 200 మెగాహెర్ట్జ్, కాస్త ఎక్కువ క్యాష్. ఆ డబ్బు ర్యామ్‌లో పెట్టండి. కొనేటప్పుడు చివరి అక్షరాలు చూసుకోండి. ఎంక్యూ అయితే సాకెట్‌లో కూర్చునేది, హెచ్‌క్యూ అయితే బోర్డుకు అతికించేది. ముందు బయోస్ తాజాపరచడం మరవకండి.

వీడియో సాఫ్ట్‌వేర్ గ్రాఫిక్స్ కార్డును గుర్తించడం లేదు

ఈ యంత్రాల్లో కనిపించే ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డులు క్వాడ్రో కె1100ఎం, కె2100ఎం. ఇవి కెప్లర్ అనే పాత తరానివి. ఎన్‌విడియా కార్డుతో సాఫ్ట్‌వేర్‌లు పని చేయించుకోవడానికి వాడే 'సీయూడీఏ' (CUDA)లో 10.2 తరువాతి వెర్షన్లు వీటిని వదిలేశాయి. కొత్త ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అడిగేది ఆ కొత్త వెర్షన్లనే. డ్రైవర్ ఎన్నిసార్లు వేసినా ఫలితం ఉండదు. ఆ కార్డుకు సరిపడే పాత వెర్షన్ సాఫ్ట్‌వేర్‌తో పని నడిపించండి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో ఆ ప్రోగ్రామ్‌కు క్వాడ్రోనే కేటాయించారో లేదో కూడా చూడండి. చాలాసార్లు అది ఇంటెల్ గ్రాఫిక్స్ మీద నడుస్తుంటుంది. ఎం4800లో గ్రాఫిక్స్ కార్డు విడిగా ఊడి వస్తుంది కాబట్టి మార్చవచ్చు కదా అని అడుగుతారు. మార్చవచ్చు. హీట్ సింక్, బయోస్, తెర వెలుగు, అన్నిటితోనూ కుస్తీ పట్టే ఓపిక ఉంటేనే.

చిన్న చిన్నవి

తేదీ పదేళ్లు వెనక్కి పోయి, ఏ వెబ్‌సైట్ తెరిచినా భద్రత లేదంటుందా? బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది. ల్యాప్‌టాప్‌లో అది వైరుతో వస్తుంది, వైరున్నదే అడిగి కొనండి.

డబ్ల్యూ530లో వైఫై కార్డు మార్చగానే 1802 అని చూపి ఆగిపోయిందా? ఆ బయోస్ తన జాబితాలో ఉన్న కార్డులనే రానిస్తుంది. పాత కార్డు తిరిగి పెట్టి, యూఎస్‌బీ వైఫై వాడుకోండి.

విండోస్ 11కు అధికారికంగా ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి కాబట్టి ఇవి దానికి అర్హం కావు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. బ్యాంకు పనులు, మెయిల్ ఈ యంత్రంలో చేసేవాళ్లు విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వైపు చూడటం మంచిది. డిజైన్ పనికే వాడితే ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచి నడిపించుకోవచ్చు.

చెయ్యి ఆనిస్తే జివ్వుమంటుంది, టచ్‌ప్యాడ్ బాణం దానంతటదే గెంతుతుంది

లోహపు ఒళ్లున్న యంత్రాలకు మన పాత ఇళ్లలో ఇది మామూలు. టచ్‌ప్యాడ్ మార్చకండి. ఛార్జర్ తీసి చూడండి, జివ్వుమనడం ఆగితే ఎర్త్ లేదని అర్థం. ఛార్జర్‌లోని ఫిల్టర్ నుంచి కొద్దిపాటి కరెంటు లోహం మీదకు వస్తుంది. అది ఎర్త్ పిన్ను గుండా నేలలోకి పోవాలి. రెండు పిన్నుల అడాప్టర్ మధ్యలో పెట్టినా, గోడ సాకెట్‌లో మూడో రంధ్రం వెనుక వైరే లేకపోయినా దానికి దారి ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ వైరు సాకెట్ దాకా వచ్చిందో లేదో చూపించండి. వచ్చి ఉండి కూడా వేసవిలోనే జివ్వుమంటుంటే ఇంటి పక్కనున్న ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటుంది. వారానికి ఒకటి రెండు బిందెల నీళ్లు పోయించండి.