చెక్క పెన్ను చేద్దాం - మూడో పాఠం: రంధ్రం, గొట్టం, అంచు

పోయిన రెండు పాఠాల్లో లేత్ (చెక్కను గిరగిరా తిప్పే యంత్రం) ఎంచుకోవడం, ఉలులకు పదును పెట్టడం చూశాం. ఇక చెక్క తిప్పేద్దామని మీకు చేతులు దురద పెడుతూ ఉంటాయి. కానీ ఈ పాఠంలో ఉలి జోలికి పోము. చెక్కకు రంధ్రం వేసి, అందులో ఇత్తడి గొట్టం అంటించి, అంచులు సమం చేస్తాం, అంతే. పెన్ను బిగించేటప్పుడు చెక్క పగిలినా, నడిమి రింగు దగ్గర సందు కనిపించినా, రీఫిల్ లోపలికి పోనని మొండికేసినా, కారణం చాలావరకు ఈ దశలోనే ఉంటుంది. లేత్ మీద వంకర వస్తే ఇంకో రెండుసార్లు ఉలి ఆడించి సరిచేయొచ్చు. రంధ్రం వంకరపోతే ఆ ముక్క పొయ్యిలోకే.

మనం చేస్తున్నది స్లిమ్‌లైన్ పెన్ను. కిట్‌లో రెండు ఇత్తడి గొట్టాలు, ముందు మొన, తిప్పితే రీఫిల్ బయటికొచ్చే మెకానిజం, నడిమి రింగు, క్లిప్, పైన టోపీ, ఒక క్రాస్ తరహా (క్రాస్ కంపెనీ పెన్నుల్లో వాడే సన్నని రకం) రీఫిల్ ఉంటాయి. గొట్టాల బయటి వ్యాసం 7 మి.మీ.కి ఒక వెంట్రుకవాసి తక్కువ. పొడవు ఒక్కోటి దాదాపు 53 మి.మీ. కిట్‌ను బట్టి అటూ ఇటూ మారుతుంది కాబట్టి మీ గొట్టాలను మీరే కొలుచుకోండి.

ముందు చెక్క సంగతి. మొదటి పెన్నుకు నేను అంకుడు కర్రే చెబుతాను. బెంగళూరులో ఉన్నవాళ్లకు ఇదొక అదృష్టం. మైసూరు రోడ్డు మీద 60 కిలోమీటర్లు వెళ్తే చన్నపట్న. అక్కడి బొమ్మలకు వాడే 'ఆలె మర', మన ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర ఒకటే చెట్టు. వరాహ నది ఒడ్డున మనవాళ్లు, చన్నపట్నలో కన్నడిగులు ఇదే చెక్కను తరతరాలుగా లేత్ మీద తిప్పుతున్నారంటే ఊరికే కాదు. తెల్లగా, మెత్తగా, సన్నని గీతలతో ఉంటుంది. ఉలికి ఎదురు తిరగదు. డ్రిల్ బిట్టును పక్కకు లాగే గట్టి గీతలు ఇందులో ఉండవు.

టేకు కూడా సులువుగా దొరుకుతుంది. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా ఎవరో ఒకరి ఇంట్లో ఇంటీరియర్ పని నడుస్తూనే ఉంటుంది. వడ్రంగిని అడిగితే తలుపు చట్రాల ముక్కలు సంతోషంగా ఇస్తాడు. అయితే టేకులో సిలికా ఉంటుంది, ఉలి పదును త్వరగా పోతుంది. అందుకని టేకు రెండో పెన్నుకు ఉంచుకోండి. ఎర్రచందనం ముక్క తక్కువకే ఇస్తామని ఎవరన్నా చెబితే మాత్రం, సరైన కాగితాలు లేకుండా ముట్టుకోవద్దు. శేషాచలం అడవులకు జరిగిన నష్టం చాలు.

చెక్క పచ్చిగా ఉండకూడదు. పచ్చి చెక్క ఆరుతూ కుంచించుకుపోతుంది, లోపలి ఇత్తడి కుంచించుకోదు. మధ్యలో నలిగేది చెక్కే. నిలువునా చీలుతుంది, అదీ పెన్ను ఎవరికైనా ఇచ్చిన నెల తర్వాత. ఇంట్లో గ్రాముల్లో తూచే వంటింటి కాటా ఉంటే ముక్కను వారానికోసారి తూచి పెన్సిల్‌తో దాని మీదే రాయండి. బరువు తగ్గడం ఆగిపోయాకే వాడండి. బెంగళూరు వానాకాలంలో దీనికి ఓపిక కావాలి.

130 మి.మీ. పొడవు, 18 మి.మీ. చదరం ఉన్న ముక్క తీసుకోండి. కోసే ముందు ఒక పక్కన ఈ చివరి నుంచి ఆ చివరికి పెన్సిల్ గీత గీసి, మధ్యలో కోత పడే చోటుకు రెండు వైపులా బాణం గుర్తులు పెట్టండి. పెన్ను తయారయ్యాక చెక్క గీతలు కింది సగం నుంచి పై సగంలోకి తెగకుండా సాగాలంటే ఈ గుర్తులే ఆధారం. ఇప్పుడు 62 మి.మీ. ముక్కలు రెండు కోయండి. గొట్టం 53 మాత్రమే కదా, ఇంత ఎక్కువెందుకు అంటారేమో. చెబుతాను.

డ్రిల్ బిట్టు చెక్కలోంచి అవతలికి పొడుచుకొచ్చే క్షణంలో అక్కడి అంచును పెచ్చులుగా లేపేస్తుంది. కాబట్టి అవతలికి రానివ్వం. 58 మి.మీ. లోతు దగ్గర ఆపేసి, మూసుకుని ఉన్న చివరను రంపంతో కోసేస్తాం. రంధ్రం శుభ్రంగా తెరుచుకుంటుంది. మామూలు 7 మి.మీ. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్టుకు గాడి పొడవు 69 మి.మీ. ఉంటుంది కాబట్టి ఈ లోతుకు సరిపోతుంది. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో ఇవి ఎక్కడైనా దొరుకుతాయి. కొత్తది కొనండి, మొద్దుబారిన బిట్టు గీతల వెంట పక్కకు జారుతుంది.

లేత్‌కు నాలుగు దవడల చక్ ఉంటే ముక్కను అందులో బిగించి, బిట్టును టెయిల్‌స్టాక్ (లేత్‌కు అవతలి చివర ఉండే, ముందుకీ వెనక్కీ జరిగే భాగం) చక్‌లో పెట్టి తోయడం అన్నిటికన్నా మంచి పద్ధతి. లేకపోతే డ్రిల్ స్టాండ్, వైస్ చాలు. ముక్కను చేత్తో పట్టుకుని మాత్రం ఎప్పుడూ డ్రిల్ చేయకండి. చేతులకు గ్లవ్స్ వద్దు, వదులు చేతుల చొక్కా వద్దు, చున్నీ తీసి పక్కన పెట్టండి. కళ్లకు రక్షణ అద్దాలు, ఎన్-95 మాస్క్ తప్పనిసరి.

వేగం నిమిషానికి 500 చుట్ల దగ్గర ఉంచండి. ప్రతి 10 మి.మీ.కి బిట్టును పూర్తిగా బయటికి లాగి, గాడుల్లో ఇరుక్కున్న పొట్టు దులపండి. పని సవ్యంగా సాగుతుంటే పొట్టు తెల్లటి చిన్న చిన్న సుడులుగా వస్తుంది. అది గోధుమరంగు పొడిగా మారినా, కాలిన వాసన వచ్చినా ఆపండి. రంధ్రం లోపల వేడి పెరిగిందన్నమాట. వేడికి పుట్టే సన్నని పగులు అప్పుడు కంటికి కనబడదు, పాలిష్ వేశాక నల్లటి గీతలా తేలుతుంది. రంధ్రం వేశాక ముక్కను చల్లారనివ్వండి. వేడి మీద గొట్టం దూర్చొద్దు.

గొట్టం నున్నగా మెరుస్తుంటే జిగురు పట్టదు. 150 నంబరు శాండ్‌పేపర్ చుట్టి, మెరుపు పోయేదాకా రుద్దండి. తర్వాత బంగాళాదుంపను అర సెంటీమీటరు మందాన బిళ్లగా కోసి, గొట్టం చివరను అందులో గుచ్చి తీయండి. దుంప ముక్క బిరడాలాగా లోపల ఉండిపోతుంది, జిగురు గొట్టంలోకి పోదు. ఈ చిట్కా చెక్క పెన్నులు చేసేవాళ్లందరిలోనూ వాడుకలో ఉంది, దీన్ని మించింది నాకింకా కనబడలేదు.

జిగురు విషయంలో తొందర ఉన్నవాళ్లు ఫెవిక్విక్ లాంటిది వాడతారు. మొదటిసారికి అది వద్దు. గొట్టం సగం దూరంలో ఉండగానే పట్టేసిందంటే ఇటు రాదు, అటు పోదు. రెండు ట్యూబుల అరాల్డైట్ కలిపి, గొట్టానికి పలుచగా పూసి, రంధ్రం అంచుకూ కాస్త రాసి, తిప్పుతూ దూర్చండి. నేరుగా తోస్తే జిగురంతా అంచు దగ్గరే పోగవుతుంది. తిప్పితే లోపల చుట్టూ పరుచుకుంటుంది. గొట్టం రెండు వైపులా చెక్క లోపలికే ఉండాలి. రాత్రంతా కదపకుండా వదిలేయండి.

మర్నాడు బంగాళాదుంప ముక్కను సన్నని కడ్డీతో బయటికి తోసి, లోపల జిగురు మిగిలి ఉంటే చిన్న గుండ్రటి ఆకురాయితో గీకేయండి. ఇక మిగిలింది అంచు. దీనికి బ్యారెల్ ట్రిమ్మర్ అని ఒక పనిముట్టు ఉంది. గొట్టంలో సరిగ్గా పట్టే కడ్డీ, దాని మొదట్లో నాలుగు పళ్ల కత్తి. కడ్డీ గొట్టం వెంట నడుస్తుంది కాబట్టి కత్తి అంచును గొట్టానికి సరిగ్గా అడ్డంగా కోస్తుంది. హ్యాండ్ డ్రిల్‌కు బిగించి, తక్కువ వేగంలో, కొంచెం కొంచెంగా తాకించండి. రెండు క్షణాలకోసారి తీసి వెలుతురులో చూడండి. మొదట చెక్క ఒక్కటే కనిపిస్తుంది. తర్వాత జిగురు వలయం. ఆ తర్వాత ఒక పక్కన నెలవంకలా ఇత్తడి మెరుస్తుంది. ఆ మెరుపు చుట్టూ తిరిగి పూర్తి వలయం అయిన క్షణంలో ఆపేయాలి.

ఇంకా కోస్తే గొట్టం పొట్టిదవుతుంది. గొట్టం పొట్టిదైతే మెకానిజం ముందుకు జరిగి, పెన్ను మూసినా రీఫిల్ మొన బయటే ఉంటుంది, జేబుకు సిరా మరక. వలయం పూర్తి కాకముందే ఆపితే అంచు ఏటవాలుగా ఉండి, విడిభాగాలు నొక్కేటప్పుడు ఒత్తిడంతా ఒక మూల పడి చెక్క చీలుతుంది. నాలుగు అంచులకూ ఇంతే జాగ్రత్త.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు ఒక్క మాట. పగటిపూటే చేయండి, స్టాండ్ కింద పాత రబ్బరు మ్యాట్ వేస్తే కింది ఇంటికి శబ్దం తగ్గుతుంది. లేత్‌ను ఇంటి ఇన్వర్టర్ లైనుకు తగిలించకండి.

వచ్చే పాఠంలో మాండ్రెల్ (లేత్‌కు బిగించే సన్నని ఉక్కు కడ్డీ) మీద ముక్కలెక్కించి ఉలి పడతాం. ఈలోగా ఇలాంటి జతలు రెండు సిద్ధం చేసుకోండి, ఒకటి సాధనకు. మీ కిట్‌కు సరిపోయే బుష్‌లు (మాండ్రెల్ మీద ముక్కకు అటూ ఇటూ ఎక్కించే, ఎంత లావుకు తిప్పాలో చూపే లోహపు రింగులు) కూడా ఇప్పుడే తెప్పించుకోండి. అవి కిట్‌లో రావు, విడిగా కొనాలి. కిట్ మోడల్ పేరు చెప్పి ఆ కొలతవే అడగండి.