పెంకుటింటి మసకవెలుతురులో పెద్దవాళ్ల ఫోటోలు

బరంపురం, పర్లాకిమిడి వంటి ఒడిశా సరిహద్దు ఊళ్లలో, తరాలుగా తెలుగువాళ్లు కాపురముంటున్న పాత వీధుల్లో, చాలా ఇళ్లు గోడకు గోడ ఆనుకుని వీధి అరుగు నుంచి పెరటిదాకా ఒకే వరుసలో సాగుతాయి. అలాంటి ఇంటి నడిమి గదిలోకి వెలుతురు వచ్చేది ముందు గుమ్మం నుంచి, వెనుక గుమ్మం నుంచి, కప్పులో గాజుపెంకు ఉంటే దాని నుంచి. ఆ గదిలో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఎదురుగా ఫ్లాష్ కొడితే ముఖం సున్నం పూసినట్టు వస్తుంది. ఇంట్లో ఉన్న వెలుతురును వెతికి, మనిషిని దాని దగ్గరకు తీసుకురావడమే అసలు పని అని నా గట్టి నమ్మకం.

ముందుగా లైట్లన్నీ ఆర్పి, కళ్లు అలవాటు పడేదాకా ఆగి, మీ అరచేతిని ముఖం ఎత్తున పట్టుకుని గుమ్మం దగ్గర నుంచి లోపలికి నడవండి. చేతి గీతలు స్పష్టంగా కనిపిస్తూ, ఒక పక్క నీడ మెత్తగా దిగే చోటే కుర్చీ వేయవలసిన చోటు. నేరుగా ఎండ పడే గడప దగ్గర వద్దు, దానికి కొంచెం లోపల చాలు. చిన్న కిటికీ నుంచి రెండింతల దూరం జరిగితే వెలుగు సగానికి కాదు, దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి ఒక్క అడుగు తేడా కూడా లెక్కకు వస్తుంది. గుమ్మం వారి వీపు వెనుక ఉండకూడదు, ఒక పక్కన ఉండాలి. రెండో చెంప మరీ చీకటైతే, ఆ వైపు ఎవరిచేతనైనా తెల్ల పంచె పరిచి పట్టించండి. పక్క నుంచి పడే వెలుగు ముడతలను లోతుగా చూపిస్తుంది. మామ్మగారి ముఖంలో వాటిని దాచవలసిన అవసరం నాకు ఎప్పుడూ కనిపించలేదు, కానీ ఆమెకు ఇష్టం లేకపోతే ముఖాన్ని గుమ్మం వైపు ఇంకొంచెం తిప్పమనండి.

ట్యూబులైటు తప్పనిసరైతే, గుమ్మం వెలుగును తలుపు వేసి ఆపండి. రెండు రంగుల వెలుగులు కలిస్తే ఒక చెంప నీలంగా, మరొకటి పసుపుగా వచ్చి, తరువాత సరిదిద్దడం కష్టమవుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాత ట్యూబులైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, అందువల్ల షట్టరును (కెమెరాలోకి వెలుగు వచ్చే సేపును) సెకనులో 100వ వంతు లేదా 50వ వంతు దగ్గర ఉంచితే ఫోటోలో చారలు పడవు.

కెమెరాలో 50 ఎంఎం లెన్సు, ఎఫ్ 1.8 ఎపర్చరు (వెలుగు లోపలికి వచ్చే వెడల్పాటి రంధ్రం) ఉంటే చాలా పని జరుగుతుంది. అయితే ఆ ఎపర్చరులో మీటరున్నర దూరాన స్పష్టంగా ఉండే లోతు జానెడు కూడా ఉండదు, అందుచేత ఫోకస్ మీకు దగ్గరగా ఉన్న కంటి మీదే నిలపాలి. ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా స్పందించే తీరును) 1600కో 3200కో పెంచడానికి జంకకండి, ఎందుకంటే దానివల్ల వచ్చే గరుకుదనం ఉన్న ఫోటోను ఇంట్లో అందరూ ఇష్టపడతారు గాని చెదిరిన ఫోటోను ఎవరూ దాచుకోరు. వెనుక చీకటి ఎక్కువగా ఉంటే కెమెరా పొరబడి ముఖాన్ని తెల్లగా కొట్టేస్తుంది. పట్టుచీర జరీ అంచును చూసి, అక్కడ మెరుపు తేలిపోతుంటే ఎక్స్‌పోజరును (ఫోటోకు అందే మొత్తం వెలుగును) ఒక మెట్టు తగ్గించండి.

ఫోన్‌తో తీసేవారు లెన్సును మెత్తటి గుడ్డతో తుడిచి, జూమ్ వాడకుండా దగ్గరకు నడిచి, ముఖం మీద నొక్కి ఎక్స్‌పోజరు తగ్గించుకోవాలి. నైట్ మోడ్ వరుసగా తీసిన అనేక ఫ్రేములను ఒకే ఫోటోగా కలుపుతుంది కనుక, "తాతగారూ, ఊపిరి వదిలి కాసేపు కదలకుండా ఉండండి" అని ముందే చెప్పాలి.

ప్రింటు వేయించే ముందు వెలుగు కాస్త పెంచండి, ఎందుకంటే ఫోన్ తెర మీద సరిగా కనిపించే ఫోటో కాగితం మీద చీకటిగా దిగుతుంది.